రెండు కిటికీల మేర

వెనక ఫ్లాటావిడ అడిగింది చాలా చిన్న విషయం. మురికికాలువ కనబడకుండా ప్రహరీ మీద ఎత్తుగా రేకులు బిగిస్తున్నారు కదా, తన రెండు కిటికీల మేర మాత్రం వదిలేయమంది. మీటింగులో లేచి నిలబడి, గొంతు పెంచకుండా, ఆ ఒక్క ముక్కా చెప్పి కూర్చుంది.

దాంతో అపార్టుమెంటు మొత్తానికి మనశ్శాంతి పోయింది.

ఎందుకంటే ఆ కాలువని చూడనివ్వమని అడిగిన మనిషి అక్కడ ఇంతవరకూ పుట్టలేదు. ముందువైపు ఫ్లాట్లవాళ్ళు అలాంటిదొకటి ఉందన్న సంగతి వియ్యంకులకు తెలియకుండానే పిల్లల పెళ్ళిళ్ళు చేసేశారు. వెనకవైపు వాళ్ళు కిటికీలకు దళసరి పరదాలు కట్టి, వాటి మీద జలపాతాల బొమ్మలు వేయించుకున్నారు. ఇక ఈవిడ ఉంటున్న కింది ఫ్లాటులోకి అంతకుముందు వచ్చిన ప్రతి అద్దెమనిషీ మొదట వాసన గురించి, తర్వాత దోమల గురించి, ఆ తర్వాత రెండిటి గురించీ కలిపి సెక్రటరీ గారి తలుపు కొట్టి, చివరికి సామాను లారీకి ఎక్కించేవాడు. ఈవిడ వచ్చి ఏడాది దాటినా తలుపు కొట్టలేదు. సెక్రటరీ గారికి ఆ సంగతి మొదటినుంచీ గుచ్చుకుంటూనే ఉంది. ఫిర్యాదు లేని మనిషిని ఆయన తన పదవీకాలంలో చూసి ఎరగడు. అటువంటి మనిషి ఏదో దాస్తూ ఉండాలి.

మీటింగు అయ్యాక ప్రెసిడెంటు గారు ఆయన్ని లిఫ్టు పక్కకు తీసుకెళ్ళారు. ప్రెసిడెంటు గారు టైమెంతయిందో చెప్పాలన్నా అటూ ఇటూ చూసి చెబుతారు. ఆయన వెనకాలే మొదటి అంతస్తు బీమా ఆయన కూడా వచ్చి, మాట వినబడేంత దూరంలో నిలబడి, లిఫ్టు కోసం వచ్చినట్టు మీట నొక్కాడు. లిఫ్టు అక్కడే ఉంది. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. ఆయన మళ్ళీ నొక్కాడు.

ఆవిడకి పార్సిళ్ళు వస్తాయని బీమా ఆయన సమాచారం. చిన్న చిన్న డబ్బాలు. బండ్ల మీద కుర్రాళ్ళు తెచ్చి ఇస్తారు, ఇంకో డబ్బా పట్టుకుపోతారు. ఒకసారి వాచ్‌మన్ టీకి వెళ్ళినప్పుడు గేటు దగ్గరున్న డబ్బా ఒకటి, కేవలం జాగ్రత్త కోసం, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడట. కటకటమందట.

ప్రెసిడెంటు గారు, కాలువ అవతలనుంచి ఎవడో వస్తాడని, కిటికీ అందుకేనని తేల్చారు. వచ్చి ఏం చేస్తాడని సెక్రటరీ గారు అడిగితే, అదే మనం కనుక్కోవాలన్నారు. ప్రెసిడెంటు గారి మాటల్లో మనం అంటే సెక్రటరీ గారు. వచ్చే ఆదివారం మీటింగులో సంగతి తేల్చేసి, మర్నాడే పనివాళ్ళని పిలిచి రేకులు బిగించాలని నిర్ణయం జరిగింది. రేకులు అప్పటికే వచ్చి మోటారు గది పక్కన దొంతరగా ఉన్నాయి.

రేకులు సెక్రటరీ గారి ఆలోచన. అంతకుముందు ముందువైపు తోట కూడా ఆయనదే. అక్కడ రెండు పెద్ద చెట్లుండేవి. కార్ల మీద ఆకులు రాలుస్తున్నాయని వాటిని తీయించి, ఎప్పటికీ వాడిపోని ప్లాస్టిక్ పచ్చిక పరిపించారు. దాని మీద నాలుగు సిమెంటు కొంగలు, అతిథులొచ్చినప్పుడు మాత్రమే నీళ్ళు చిమ్మే ఫౌంటెను, 'గడ్డి మీద నడవరాదు' అన్న బోర్డూ వెలిశాయి. పొద్దున్నే వాచ్‌మన్ తడిగుడ్డ పెట్టి పచ్చిక తుడుస్తాడు. వెనకవైపు రేకులతో ఆ పని సంపూర్తి అవుతుంది. మధ్యలో రెండు కిటికీల మేర వదిలేస్తే, పన్ను ఊడిన నోరులా ఉంటుంది. అది ఆయన ఊహించుకోలేకపోయారు.

*

మోటారు గది సరిగ్గా ఆవిడ కిటికీల పక్కనే, ప్రహరీని ఆనుకుని ఉంది. దానికి ఒక జాలీ కిటికీ. అందులోంచి ఇటు ఆవిడ బల్లా కనబడుతుంది, అటు పొట్టి ప్రహరీ మీదుగా కాలువా కనబడుతుంది. మోటారు ఏదో మూలుగుతోందని భార్యకు చెప్పి, సెక్రటరీ గారు ఖాళీ పెయింటు డబ్బా ఒకటి బోర్లించుకుని కూర్చున్నారు.

ఆవిడ కిటికీకి ఎదురుగా బల్ల ముందు కూర్చుని ఉంది. ముందర చిన్న దీపం, దాని మంట గోరంత. సన్నటి కత్తి ఒకటి మంటలో చూపించి, చేతిలో ఉన్న గులాబీరంగు వస్తువు మీద ఆనించి, నెమ్మదిగా గీరుతోంది. ఊదుతోంది. మళ్ళీ గీరుతోంది. కొంతసేపటికి కత్తి కింద పెట్టి, తలెత్తి, కిటికీలోంచి కాలువ వైపు చూసింది. ఊరికే చూడటం కాదు, కావాలని చూసింది. చూసి మళ్ళీ పనిలో పడింది. ఇంకాసేపటికి మళ్ళీ కత్తి కింద పెట్టింది, మళ్ళీ చూసింది.

సెక్రటరీ గారు డబ్బాని జాలీ దగ్గరికి జరుపుకున్నారు. ఇది సైగ. అవతల ఎవడో ఉన్నాడు.

ఆవిడ చూసినవైపే ఆయనా చూశారు. కాలువ అవతల ఏదో గోడౌను వీపు, పెచ్చులూడి ఉంది. దాని ముందు ఎండిపోయిన చెట్టొకటి, చెట్టు మీదుగా తెగి వేలాడే కేబులు తీగలు. ఒడ్డున మనిషెత్తు జమ్ముగడ్డి. నీళ్ళలో సగం మునిగిన లారీ టైరు. పగిలిన గొట్టానికి చిక్కుకున్న తెల్లటి ప్లాస్టిక్ కవరు. మనిషి జాడ లేదు.

వస్తాడు. సెక్రటరీ గారు కదలకుండా కూర్చున్నారు. పింఛను ఆఫీసులో వరసలో నిలబడిన అనుభవం ఆయనకు అక్కరకొచ్చింది. రెప్ప వేస్తే తప్పించుకుపోతాడేమోనని కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా అటే చూశారు. అప్పుడు ఆ ప్లాస్టిక్ కవరు ఒక కాలు పైకెత్తి, కాస్త ముందుకు పెట్టి, మళ్ళీ ప్లాస్టిక్ కవరులా నిలబడింది.

సెక్రటరీ గారికి ముందు కలిగింది మోసపోయానన్న భావం. దుకాణంలో ఏరి తెచ్చిన సిమెంటు కొంగలు నాలుగు ముందువైపు ఉండగా, ఎవరూ పెట్టని కొంగ వెనకవైపు ఎందుకున్నట్టు? పైగా ఆయన కొంగలు రెండు కాళ్ళ మీదా దిమ్మలా నిలబడతాయి. ఇది మెడను ఒక్కో పేటా విప్పుతూ, నీళ్ళు కూడా కదలకుండా అడుగు తీసి అడుగు వేస్తోంది. పావురాలకి ఉత్తరాలు మోయడం నేర్పేవాళ్ళని ఆయన చిన్నప్పుడు విన్నారు. కొంగకి మాత్రం ఎందుకు నేర్పకూడదు అనుకున్నారు. దాని కాళ్ళకి ఏమైనా కట్టి ఉందేమోనని చీకటి పడేదాకా చూశారు. ఏమీ లేదు. అది ఇంకా అనుమానంగా ఉంది.

మర్నాడు ఆవిడ తలెత్తినప్పుడే అవతల నీలంగా ఏదో మెరిసింది. కేబులు తీగ మీదనుంచి నీళ్ళలోకి, నీళ్ళలోంచి తీగ మీదకి. లైటు కొడుతున్నారని ఆయన నిర్ధారణకు వచ్చారు. కళ్ళజోడు తుడుచుకుని చూస్తే లకుముకి పిట్ట. ముక్కున చేప. చేపని తీగకేసి అటొకసారి ఇటొకసారి బాది, గుటుక్కున మింగి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. సెక్రటరీ గారు నోరు తెరిచారు. ఆ కాలువలో ప్రాణమన్నది బతకదని అధికారులకు స్వయంగా విన్నవించినవాడాయన. ఇప్పుడీ చేప ఆయన్ని అబద్ధాలకోరుని చేసింది.

ఇక అక్కడినుంచి ఆయన ప్రతిదాన్నీ సాక్ష్యం కింద చూడసాగారు. నీళ్ళ మీద గుర్రపుడెక్క నిండా ఊదారంగు పువ్వులు. నిన్న లేవు. ఎవరు పెట్టినట్టు? ఎండిన చెట్టుకి సీసాలు తలకిందులుగా వేలాడదీసినట్టు గిజిగాళ్ళ గూళ్ళు. పసుపుతల మగపిట్ట గడ్డిపోచ తెచ్చి, దూర్చి, లాగి, ముడివేసి, తలకిందులుగా వేలాడుతూ పనిచేస్తోంది. అనుమతి లేని కట్టడాలని సెక్రటరీ గారు మనసులో రాసుకున్నారు. కాసేపటికి ఆడపిట్ట చూడటానికి వచ్చింది. లోపలికి తొంగిచూసింది. ఒక పోచని ముక్కుతో పట్టి లాగి గట్టిదనం చూసింది. మళ్ళీ తొంగిచూసి, ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయింది. మగపిట్ట కాసేపు అలాగే వేలాడి, ఆ గూడు సగంలో వదిలేసి, పక్క కొమ్మ మీద కొత్తది మొదలుపెట్టింది. ఫ్లాటు చూడటానికి వచ్చినప్పుడు తన భార్య కుళాయిలన్నీ తిప్పి, గోడలన్నీ తట్టి, బిల్డరుని ఏడిపించిన వైనం సెక్రటరీ గారికి గుర్తొచ్చింది. ఆ పిట్ట మీద ఆయనకు జాలి పుట్టింది. నిఘాలో జాలి పనికిరాదని వెంటనే సర్దుకున్నారు.

లారీ టైరులోంచి నీటికోడి దిగింది. దాని వెనక బొగ్గుముక్కల్లాంటి పిల్లలు ఒక్కొక్కటే నీళ్ళలోకి దూకాయి. చివరిది టైరు అంచు మీద నిలబడి దూకనా వద్దా అని ఊగుతోంది. సెక్రటరీ గారు డబ్బా మీదనుంచి సగం లేచారు. అది దూకింది. ఆయన కూర్చున్నారు. ఆవిడ వైపు చూడాలన్న సంగతి అప్పటికి చాలాసేపటినుంచీ ఆయన మరిచిపోయారు.

*

ఇంట్లో ఆయన భార్యకు అనుమానం మొదలైంది.

ఆయన మోటారు గదికి వెళ్ళడం గురించి కాదు. కూర చప్పగా ఉంటే ఏమీ అనకుండా తిన్నారు. ఫ్యాను కిర్రుమంటున్నా తలెత్తి చూడలేదు. పై అంతస్తువాళ్ళు బట్టలు తడితడిగానే ఆరేసి మెట్ల మీద నీళ్ళు కార్చితే, పోనీలే అన్నారు. ఆ మాట ఆయన నోట ఆవిడ పెళ్ళయ్యాక వినలేదు. పైగా సాయంత్రం మోటారు గదికి వెళ్ళేముందు కళ్ళజోడు ఉతికిన చొక్కా అంచుతో రెండుసార్లు తుడుచుకున్నారు. మోటారుని చూడటానికి అంత శుభ్రమైన కళ్ళజోడు ఎందుకు?

ఆవిడ అడగలేదు. అడిగితే జాగ్రత్తపడతారు. వెనక ఫ్లాటావిడ వయసెంతని వాచ్‌మన్‌ని మాత్రం అడిగింది.

*

శనివారం ఆయన డబ్బా మీద కూర్చుని ఎంతోసేపు కాలేదు, జాలీ అవతలనుంచి మాట వినబడింది.

"అక్కడ దోమలండీ సెక్రటరీ గారూ. లోపలికి రండి, ఇక్కడ్నించి ఇంకా బాగా కనబడుతుంది."

ఆవిడ తల కూడా ఎత్తలేదు. సెక్రటరీ గారు కొంచెంసేపు ఊపిరి బిగబట్టి, అక్కడ లేనట్టు ఉండి చూశారు. తర్వాత మోటారుని ఒకసారి అరచేత్తో గట్టిగా తట్టి, బయటికొచ్చి, సంఘం మర్యాద చెడకుండా చుట్టూ తిరిగి వెళ్ళి ముందు తలుపు కొట్టారు.

గది నిండా నోళ్ళు. సున్నపుతెలుపు దవడలు అరల్లో వరసగా కూర్చుని, వచ్చినాయన్ని చూసి ఒక్కసారిగా పళ్ళికిలించినట్టున్నాయి. బల్ల మీద తెరిచిన డబ్బాలో విడి పళ్ళు. డబ్బాని జరపబోతే కటకటమంది. ఆవిడ పళ్ళసెట్లు చేస్తుంది. డాక్టర్లు అచ్చులు పంపుతారు, ఆవిడ మైనంలో పళ్ళు అమర్చి పంపుతుంది. అంతే సంగతి. రోజులతరబడి దోమలకు రక్తం ధారపోసి సాధించింది ఇదా అని సెక్రటరీ గారి ప్రాణం ఉసూరుమంది.

అయినా కిటికీ మాట తేలలేదు. ఆయన కుర్చీ అంచున కూర్చున్నారు.

"అటు ఎవర్ని చూస్తారమ్మా?"

"ఎవర్నీ లేదండీ. కళ్ళు కడుక్కుంటాను."

"ఆ నీళ్ళతోనా?"

ఆవిడ నవ్వి, విసనకర్రలా విచ్చుకునే పళ్ళ నమూనాల గుత్తి ఒకటి ఆయన చేతికిచ్చింది. అన్నీ తెల్లగానే ఉన్నాయన్నారాయన. కిటికీ దగ్గర పట్టుకుని చూడమంది. ఒకటి పసుపు, ఒకటి బూడిద, ఒకటి ఎర్రటి టీ ఆరిన కప్పులా ఉంది. వాటినే చూస్తూ కూర్చుంటే కాసేపటికి కంటికి అన్నీ ఒకటైపోతాయట. అప్పుడు ఆ బూడిదరంగు నీళ్ళనీ, పచ్చటి జమ్మునీ చూస్తే కన్ను మళ్ళీ దారికొస్తుందట. దీపం వెలుగులో కలిపిన రంగు బయటికెళ్ళగానే బయటపడిపోతుందట, అరువు పళ్ళని అందరికీ తెలిసిపోతుందట. కిటికీకి రేకులొస్తే ఆవిడ ఇంకో ఇల్లు వెతుక్కోవాలి. ఇంత వెలుతురున్న ఇల్లు దొరకడానికి ఆవిడకి చాలా కాలం పట్టిందట.

"ఈ ముక్కేదో మీటింగులో చెప్పుంటే సరిపోయేదిగా."

"ట్యూబులైటు పెట్టుకోమనేవారు."

అది నిజమే. ఆ మాట మొదట అనేది తనేనని కూడా సెక్రటరీ గారికి తెలుసు. కిటికీ అవతల మగపిట్ట కొత్త గూటికి మెడ అల్లుతోంది. ఆయన అటు చూస్తూ, పోనీ ఆ పిట్టలూ అవీ ఉన్న సంగతన్నా చెప్పొచ్చు కదా, అందరూ చూసి సంతోషించేవాళ్ళు కదా అన్నారు.

ఆవిడ కత్తి కింద పెట్టింది.

"చెబితే మీరు బాగుచేస్తారండీ."

ఎగతాళిగా అనలేదు. మబ్బు పట్టింది, వాన పడుతుంది అన్నట్టు అంది.

సెక్రటరీ గారు లేచి వచ్చేశారు. కోపం తెచ్చుకోవాలని మెట్లు ఎక్కేంతసేపూ ప్రయత్నించారు. కానీ అప్పటికే ఆయన బుర్ర తన పని మొదలుపెట్టేసింది. ఒడ్డు వెంట టైల్సు పరిస్తే బాగుంటుంది. జమ్ము కొట్టించి సిమెంటు బెంచీలు వేయాలి. ఎండిన చెట్టు తీసేసి రంగుల లైట్ల స్తంభం. బీమా ఆయన పిట్టల కోసం పాటలు పెడదామంటాడు. ప్రెసిడెంటు గారు రిబ్బను కత్తిరిస్తారు. ఎవరో ఒకరు కొంగ బెంచీ మీద రెట్ట వేసిందని ఫిర్యాదు చేస్తారు, దాని మీద మీటింగు. టైల్సు ఏ రంగులో ఉండాలో కూడా తేలిపోయింది. మెట్ల మధ్యలో ఆగి, తనని తాను మొదటిసారి అనుమానంగా చూసుకున్నారు.

*

ఆదివారం మీటింగుకి ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. వెనక ఫ్లాటావిడ చివరి వరసలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ప్రెసిడెంటు గారు తలుపులు మూయించి, ఏం తేలిందని అడిగారు.

పళ్ళసెట్లని సెక్రటరీ గారు చెప్పారు. పెద్ద నిట్టూర్పు వినబడింది. అంతా ఇంతకన్నా ఎక్కువ ఆశించారు. బీమా ఆయన మాత్రం ఎందుకో నోరు మూసుకుని, మీటింగు అయ్యేదాకా పెదాలు విడదీయకుండానే మాట్లాడాడు. ఏమీ లేదని తేలింది కాబట్టి రేకులు ఈ కొసనుంచి ఆ కొసదాకా వేసేద్దామని, చేతులెత్తమని ప్రెసిడెంటు గారు అన్నారు. చేతులు లేస్తున్నాయి.

సెక్రటరీ గారు నిలబడ్డారు. వెలుతురు గురించి చెబితే ట్యూబులైటు. పిట్టల గురించి చెబితే టైల్సు. ఎటు చూసినా ఈ జనాన్ని ఆయనే తయారుచేశారు, వాళ్ళకి అర్థమయ్యే భాష ఆయనకు బాగా తెలుసు. ఎప్పుడూ చేయని పని ఒకటి చేశారు. గొంతు తగ్గించారు.

"రేకులేస్తే అవతల ఎవడున్నాడో మనకి కనబడదు."

లేస్తున్న చేతులు గాలిలో ఆగిపోయాయి.

అవతల ఎవరున్నారని రెండో వరసలోంచి ఒకావిడ అడిగింది. అదే కదా తెలియనిదన్నారు సెక్రటరీ గారు. రోజూ నిఘా వేశానని, రాకపోకలున్నాయని, తెల్లటి మనిషొకడు గంటలతరబడి మెదలకుండా నిలబడుతున్నాడని, కొందరైతే ఎవరినీ అడక్కుండా కాపురాలే పెట్టేశారని చెప్పారు. రేకులు కడితే వాళ్ళకి మనమే చాటు కట్టిచ్చినట్టవుతుందన్నారు.

చేతులు కిందికి దిగిపోయాయి. తనకి మొదటినుంచీ ఆ రేకుల మీద అనుమానంగానే ఉందని ప్రెసిడెంటు గారు అన్నారు. రేకులన్నీ ముందువైపు స్కూటర్ల షెడ్డుకి వేయాలని నిమిషంలో తీర్మానమైంది. అయితే వెనకాల పెద్ద లైట్లు, కెమెరాలు పెడదామని బీమా ఆయన పెదాల మధ్యనుంచి సన్నగా అన్నాడు. సెక్రటరీ గారు గబగబా అడ్డుపడ్డారు. లైటేస్తే మనం చూస్తున్నామని వాళ్ళకి తెలిసిపోతుందని, నిఘా అంటే మనిషే ఉండాలని, అదీ చీకట్లో, మోటారు గదిలో, దోమల మధ్య అని వివరించారు. ఎవరు ఉంటారని ప్రెసిడెంటు గారు అందరి మొహాలూ చూశారు. అందరూ తమ తమ చెప్పులు చూసుకున్నారు.

సెక్రటరీ గారు భారంగా నిట్టూర్చి, సరే, నేనే చూస్తాలెండి అన్నారు. చప్పట్లు కొట్టారు. వెనక ఫ్లాటావిడ కూడా కొట్టింది, అందరికన్నా కొంచెం ఆలస్యంగా.

చప్పట్లు కొట్టనిది ఆయన భార్య ఒక్కతే.

*

మర్నాడు సాయంత్రం మోటారు గది తలుపు టప్పున తెరుచుకుంది. ఆయన భార్య గుమ్మంలో నిలబడి ముందు ఆయన్ని చూసింది, తర్వాత మోటారు వెనక్కి వంగి చూసింది, తర్వాత తలుపు చాటు చూసింది.

"ఎవరున్నారిక్కడ?"

"ఎవరూ లేరు."

ఆవిడ నమ్మలేదు. జాలీకి మొహం ఆనించి పక్క కిటికీలోకి చూసింది. పళ్ళావిడ ఇటు వీపు పెట్టి, బకెట్లో చేతులకంటిన సున్నం కడుక్కుంటోంది. జుట్టు సగం నెరిసింది. ఆ సగం గురించి భార్య కొంతసేపు ఆలోచించింది. పళ్ళావిడ ఇటు తిరుగుతుందేమో, సైగ చేస్తుందేమో అని అలాగే కాచుకుని నిలబడింది. సెక్రటరీ గారు మోటారు వైపు చూస్తూ కూర్చున్నారు. ఏం చెప్పినా సాక్ష్యమవుతుంది.

పొద్దు గోడౌను వెనక్కి దిగింది. గోడ పక్క సందులోంచి ఏటవాలుగా వెలుగు వచ్చి కాలువ పొడుగునా పరుచుకుంది. బూడిదరంగు నీళ్ళు తోమిన రాగిబిందెలా అయ్యాయి. అప్పుడు పైనుంచి, మేడల మీదుగా, గుప్పెడు పిట్టలు వచ్చాయి. వాటి వెనక ఇంకో గుంపు. ఆ వెనక ఆకాశమంతా చుక్కలు చుక్కలుగా వచ్చి, ఒక్క మనిషి దుప్పటి విదిలించినట్టు అన్నీ కలిసి ఒక్కసారి ఇటు ఒరిగి, అటు ఒరిగి, గంపలోంచి గింజలు కుమ్మరించినట్టు జమ్ములోకి పడ్డాయి. జమ్ము మొత్తం వంగింది. పెళ్ళివారి విడిదిలా ఒకటే గోల. చోటు కోసం తగువులు, సర్దుబాట్లు. చూస్తూండగానే ఆ గోల సద్దుమణిగి, ఒక్కటి, రెండు గొంతులు మిగిలి, అవీ ఆగిపోయాయి. అన్ని వేల పిట్టలు ఉన్న చోట, గడ్డి తప్ప ఏమీ లేదు.

భార్య జాలీనుంచి మొహం తీయలేదు.

"రోజూ ఇంతేనా?"

"రోజూ."

"ఎవరెవరికి తెలుసు?"

"ఆవిడకి. నాకు."

"నాకు చెప్పలేదు."

అప్పుడే బయట ఎండిన ఆకుల మీద చెప్పుల చప్పుడైంది. నిఘా ఎలా సాగుతోందో చూసిపోదామని ప్రెసిడెంటు గారు గోడ పక్కగా వస్తున్నారు. ఎవరక్కడ, ఏమైనా కనబడిందా అని గొంతు తగ్గించి పిలిచారు.

సెక్రటరీ గారు కంగారుగా లేవబోయారు. భార్య ఆయన భుజం మీద చెయ్యి వేసి కిందికి నొక్కింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, తలుపు సందులోంచి తల బయటపెట్టింది.

"ఇటు రాకండి అన్నయ్యగారూ. కంపు. కడుపులో తిప్పేస్తోంది."

ప్రెసిడెంటు గారు ఉన్నచోటే ఆగిపోయి, జేబులోంచి రుమాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకుని, వచ్చినదానికన్నా వేగంగా వెనక్కి తిరిగారు. ఆ చెప్పుల చప్పుడు మలుపు తిరిగేదాకా ఆవిడ అలాగే తల పెట్టుకుని చూసింది. తర్వాత కొంగు దించి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, ఆయన కూర్చున్న డబ్బా దగ్గరికి వచ్చింది.

"జరగండి," అంది.